అంగుళం దించితే గుర్రం మాట వింటుంది!

గ్రిల్ మీద పరుగెత్తే గుర్రం బొమ్మ... 1964 ఏప్రిల్‌లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ మస్టాంగ్‌ను చూసి అమెరికా కుర్రకారు మనసు పారేసుకుంది. ఆ తొలితరం కార్లకు 60 ఏళ్లు వచ్చేశాయి. అయినా సొంత షెడ్డులో విప్పి బాగుచేసుకునేవాళ్లకు అక్కడ కొదవలేదు. రంగేసి, ఇంజిన్‌ను గర్జించేలా చేస్తే సరిపోదు. మలుపులో కారు పక్కకు ఒరిగిపోతుంటే ఎంత వేగం ఉండి ఏం లాభం? అందుకే ముందు చక్రాల సస్పెన్షన్ మీద అంత శ్రద్ధ.

వయసు మీదపడితే మనకు మోకాళ్లు అరిగినట్టే, దీనికీ కీళ్ల బాధే. రబ్బరు బుష్‌లు గట్టిపడి పగులుతాయి. బాల్ జాయింట్లు అరిగి వదులవుతాయి. వాటిని మార్చాలంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే పై కంట్రోల్ ఆర్మ్ మీదున్న స్ప్రింగును తీయాలి. కంప్రెసర్‌తో బిగించకుండా తీయబోతే అది ఒక్కసారిగా ఎగిరొస్తుంది, ప్రాణం మీదికొస్తుంది!

ఇక అసలు కిటుకు. ఫోర్డ్ ఇంజినీరు క్లౌస్ ఆర్నింగ్ ఆలోచనను కరోల్ షెల్బీ 1965 జీటీ350 కార్లలో వాడాడు. పై ఆర్మ్‌ను బిగించే చోటును అంగుళం కిందికి దించడమే! దాంతో మలుపులో బాడీ ఒరిగినా, బయటివైపు చక్రం మునుపటికన్నా నిటారుగా నిలిచి రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది.

'కొత్త రంధ్రాలు వేస్తే కారు అసలు రూపం పోదా?' అనేవాళ్లూ ఉన్నారు. పాత రంధ్రాలు అక్కడే ఉంటాయి కాబట్టి కావాలంటే మళ్లీ వాటికే బిగించుకోవచ్చు. ఏది చేసినా చివర్లో వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. గుర్రం ఎంత అందమైనదైనా, కళ్లెం చేతిలో ఉంటేనేగా స్వారీ!