గడ్డకట్టిన సరస్సు నేల కాదు

2022 డిసెంబరు 26న అమెరికాలోని అరిజోనాలో, వుడ్స్ కెన్యన్ సరస్సు మీద మంచు పగిలి ముగ్గురు చనిపోయారు. వాళ్ళలో గుంటూరు జిల్లా నుంచి వెళ్ళిన భార్యాభర్తలున్నారు. ఆమెని కాసేపటికే బయటికి లాగినా బతకలేదు. మగవాళ్ళిద్దరి శవాలు మర్నాడు దొరికాయి.

"అసలు దానిమీదికి ఎందుకెళ్ళారో!" అనడం తేలికే. ఎండలో పెరిగిన మన కళ్ళకి ఆ గడ్డ బండరాయిలాగే కనిపిస్తుంది మరి. పైగా తెలుగులో గడ్డి మీది బిందువుకీ, ఆకాశం నుంచి రాలేదానికీ, సరస్సు మీద పేరుకున్న గడ్డకీ అన్నిటికీ "మంచు" అనే అంటాం. ప్రమాదం ఆ తేడాల్లోనే ఉంది.

నీళ్ళు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువు. ఇంకా చల్లబడితే తేలికై పైకొస్తాయి. అందుకే సరస్సు పైనుంచి గడ్డకడుతుంది. పైన మూత, కింద నీళ్ళు! ఆ మూత అంతటా ఒకే మందంలో ఉండదు. వాగు వచ్చి కలిసేచోట, అడుగున ఊట ఉన్నచోట, రాళ్ళూ మొద్దులూ పైకి తేలినచోట పల్చగా ఉంటుంది. దానిమీద రాలిన మంచు చలిని లోపలికి పోనివ్వదు, దుప్పటిలాగా. దాంతో కింద గడ్డ త్వరగా మందమెక్కదు. పల్చటి చోట్లు కూడా ఆ తెలుపు కింద దాక్కుంటాయి.

మనిషి నడవాలంటే తేటగా ఉన్న గడ్డ కనీసం 10 సెంటీమీటర్లుండాలని ఆ దేశాల్లో చెబుతారు. తెల్లటి గడ్డకి బలం సగమే, కాబట్టి అది రెట్టింపు మందం ఉండాలి. చూసి చెప్పలేం, తొలిచి కొలవాల్సిందే.

పడితే ఏమవుతుంది? కెనడాలో మనిటోబా విశ్వవిద్యాలయం ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటుంది: 1-10-1. మొదటి 1 నిమిషం ఊపిరి మన మాట వినదు, ఎగశ్వాస వస్తుంది. అప్పుడు తల నీళ్ళలో ఉంటే అంతే సంగతులు. తర్వాత సుమారు 10 నిమిషాలు కాళ్ళూ చేతులూ పనిచేస్తాయి. స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట పడుతుంది, అదీ మునగకుండా తేలుతూ ఉంటేనే. అంటే చలికన్నా ముందు కంగారే ముంచేస్తుందన్నమాట.

ఊపిరి కుదుటపడ్డాక వచ్చిన దిక్కుకే తిరగాలి, అటువైపు గడ్డ మన బరువు మోసింది కదా. మోచేతులు దానిమీద ఆనించి, ఈత కొట్టినట్టు కాళ్ళు ఆడిస్తూ పైకి జారాలి. పైకొచ్చాక లేచి నిలబడకూడదు, దొర్లుకుంటూ దూరం పోవాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు పరిగెత్తుకెళ్ళడమే అన్నిటికంటే ఘోరం. సహాయానికి ఫోన్ చేసి, ఒడ్డునుంచే తాడో, పొడవాటి కొమ్మో, అదీ లేకపోతే ముడేసిన చున్నీలో అందించాలి.