ప్రవాసమున మాతృభాషాసేవ: డాక్టరు కామురాన్ బెదిర్‌ఖాన్

స్వరాజ్యము లేని జాతియొక్క భాష దేని యాశ్రయమున నిలుచును? పాఠశాలయు, శాసనమును పరుల యధీనమున నున్నప్పుడు రచయిత చేయదగిన దేమి? ఈ ప్రశ్నలకు కుర్దు రచయిత డాక్టరు కామురాన్ బెదిర్‌ఖాన్ జీవితము ఒక సమాధానము. దానిని సంగ్రహముగ పరిశీలించుట మా యుద్దేశము.

కామురాన్ 1895లో జన్మించెను. ఆయన తాత బెదిర్‌ఖాన్ బే బోతాన్ సీమ నేలిన ప్రభువు. 1847లో ఉస్మానీయ సైన్యమున కోడి దేశాంతరమునకు పంపబడెను. కావున ప్రవాసము ఈ వంశమునకు తాతనాటి నుండి సంక్రమించినదే. 1920 నాటి సేవ్ర్ సంధి కుర్దులకు స్వపరిపాలనము నాశ చూపగా, 1923 నాటి లోజాన్ సంధి వారి పేరైన నెత్తలేదు. ఆ సంవత్సరములలోనే కామురానును, అన్న జెలాదెత్తును జర్మనీ చేరిరి. కామురాన్ లైప్‌జిగ్‌లో న్యాయశాస్త్రమున డాక్టరు పట్టమంది, పిమ్మట బేరూతున న్యాయవాదవృత్తి నవలంబించెను.

1932 మే 15న జెలాదెత్ దమస్కసున 'హావార్' పత్రికను స్థాపించెను. ఆ పదమునకు ఆర్తులు సహాయమునకై పెట్టు కేక యని యర్థము. కామురాన్ అందు ప్రముఖ రచయితలలో నొకడు. తొలి 23 సంచికలు అరబ్బీ, లాటిను లిపులు రెండింటను, 24వ సంచిక మొదలు లాటినులో మాత్రమే వెలువడినవి. ఇందులకు భాషాశాస్త్రసమ్మతమైన హేతువు కలదు. కుర్మాంజీ మాండలికమున అచ్చులు ఎనిమిది: హ్రస్వములు మూడు, దీర్ఘములు ఐదు. అరబ్బీ వ్రాతయందు హ్రస్వములను చూపుట సామాన్యముగ లేదు. ప్రతి యచ్చునకును గుర్తు గల లిపిలో చదువుకొన్న మనకు ఈ కొఱత వెంటనే బోధపడదు. అయితే ఇరాకు కుర్దులు అరబ్బీ లిపినే అచ్చుల గుర్తులతో సంస్కరించుకొని నేటికిని వాడుచున్నారు. లిపి భాషను నిలిపినది గాని, జాతి నేకము చేయలేదు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున కామురాన్ బేరూతు రేడియోలో కుర్దు ప్రసారములను నడపెను. 1943 నుండి 1946 వరకు కుర్దు, ఫ్రెంచి భాషలలో 'రోజా నూ' పత్రికను ప్రకటించెను. అక్షరాస్యులు కొద్దిమందియే యైన ఆ జాతిలో గాథలు 'దెంగ్‌బేజ్' లనబడు గాయకుల కంఠములయందే బ్రతికినవి. అట్టివారికి పత్రికకంటె రేడియో చేరువ. పత్రికను సరిహద్దున నాపవచ్చును; ధ్వని నాపుట యంత సులభము కాదు.

యుద్ధానంతరము ఆయన పారిస్ చేరి, అచటి ప్రాచ్యభాషా విద్యాలయమున 1970 వరకు కుర్దు బోధించి, 1978లో ఆ నగరముననే మరణించెను.

1937లో ఆయన సహరచయితగ జర్మనులో నొక నవలయు, ఫ్రెంచిలో కుర్దు సామెతల సంపుటమును వెలువడినవి. ఈ బహుభాషారచనమును పాండిత్యప్రకర్షగ మాత్రమే గణించుట చాలదని మా యభిప్రాయము. పరభాషలలో ఆయన తన జాతి కలదని లోకమునకు చాటెను; మాతృభాషలో ఆ జాతికి చదువ దగిన దానిని సమకూర్చెను. మొదటిది రెండవదానికి బదులు కాజాలదని గుర్తించుటయే ఆయన విశిష్టత.