శీతకాలమున నల్లమల దారి

18వ శతాబ్ది చివర ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాముకొఱకు ఫిరంగులు పోతపోయించిన గన్‌ఫౌండ్రీనుండి వేకువనే బయలుదేరిన కారు, శ్రీశైలము దారిలో మన్ననూరు దాటినంతనే ఆమ్రాబాదు పులుల అభయారణ్యము ప్రవేశించును. రాత్రి 9 గంటలు మొదలు ఉదయము 6 వఱకు ఇచట వాహనములను విడువరు. ప్రయాణికులు విసుగుకొందురు గాని, ఆ దారి మొదట మృగములదే గదా!

ఆకురాల్చు అడవి గనుక చలి ముదిరినకొలది పొదలు పలుచనై, మొసలి వీపువలె పగుళ్లువాఱిన నల్లమద్ది మ్రాకుల నడుమ చూపు లోతునకు బోవును. కొమ్మలపై కొండముచ్చులు త్రుంచి పడవేయు ఆకులకై తెల్లచుక్కల దుప్పులు క్రింద కాచుకొనియుండును. పులి పొడ గనినచో పైనున్నవి కూతవేయగా క్రిందివి చెంగున పరుగిడును. పెద్దపులి దర్శనము మాత్రము దుర్లభము. రోడ్డుప్రక్క కోతులకు పుణ్యమని అరటిపండ్లు విసరువారు వానిని చక్రముల క్రిందికి పిలుచుచున్నారనియే నా తలంపు. దోమలపెంట దాటిన పిదప దారి మెలికలు తిరుగుచు కృష్ణ లోయలోనికి, శ్రీశైలపు ఆనకట్టవైపునకు దిగును.