హైదరాబాద్ మారథాన్‌కు వెళ్తున్నారా? పరిగెత్తేవాళ్లు, చూసేవాళ్లు ముందే తెలుసుకోవాల్సినవి

కోదాడలో ఉండే మా ఖాలా ఒక రాత్రి ఫోన్ చేసింది. "బేటా, తమ్ముడు హైదరాబాద్ మారథాన్‌కు పేరిచ్చాడట. ఇరవై ఒక్క కిలోమీటర్లట. వాడికేం కాదు కదా?" అని అడిగింది. తమ్ముడు పోలీసు కానిస్టేబుల్ పరీక్షకు ప్రాక్టీస్ చేసినవాడే. కానీ ఆ పరుగు వేరు, ఈ పరుగు వేరు. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు పెట్టింది 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లలో. హాఫ్ మారథాన్ అంటే దానికి పదమూడు రెట్లు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి పిల్లలు పేర్లు ఇస్తున్నారంటే ఇంట్లో పెద్దలకూ కొన్ని విషయాలు తెలిసి ఉండాలి.

ఏ పరుగు ఎంత?

హైదరాబాద్ మారథాన్‌ను ఏటా ఆగస్టు చివర్లో నిర్వహిస్తారు. 5 కిలోమీటర్ల పరుగు శనివారం, మిగతావి ఆదివారం. ఫుల్ మారథాన్ 42.195 కిలోమీటర్లు, హాఫ్ 21.1, ఆ తర్వాత 10 కిలోమీటర్లు. ఇటీవలి ఏళ్లలో ఫుల్, హాఫ్ రెండూ నెక్లెస్ రోడ్‌లోని పీపుల్స్ ప్లాజాలో మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిశాయి. రూటు, టైమింగ్ ఏటా కొంచెం మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది సూచనలే చూసుకోవాలి.

కిలోమీటరుకు 8 నిమిషాల చొప్పున వెళ్తే 10 కిలోమీటర్లకు గంటా 20 నిమిషాలు, హాఫ్‌కు దాదాపు 2 గంటల 50 నిమిషాలు పడుతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు 5 లేదా 10 చాలు.

ప్రాక్టీస్ ఎక్కడ?

సూర్యాపేటలో సద్దుల చెరువు కట్ట, మిర్యాలగూడలో ఎన్నెస్పీ క్యాంపు గ్రౌండ్ లాంటి చోట్లు నయం. తెల్లవారుజామున చీకట్లో 65వ నంబర్ హైవే మీద మాత్రం వద్దు. ఇంకో సంగతి, మన ఊళ్లు చదును. హైదరాబాద్ రూటు ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ వైపు ఎత్తుపల్లాలతో నిండి ఉంటుంది. ఎత్తు ఎక్కే అలవాటు లేకపోతే సగం దూరంలోనే కాళ్లు పట్టేస్తాయి. కొత్త బూట్లు ఆ రోజే తొడగొద్దు.

ఖర్చు, ప్రయాణం

బిబ్ అంటే ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితం. దీన్ని పరుగు రోజు ఇవ్వరు, ముందు రోజుల్లోనే గుర్తింపు కార్డు చూపించి తీసుకోవాలి. సూర్యాపేట నుంచి హైదరాబాద్ సుమారు 135 కిలోమీటర్లు, కోదాడ ఇంకా దూరం. అంటే ఒక రాత్రి బస తప్పదు. రిజిస్ట్రేషన్ ఫీజుకు బస్సు, బస, బూట్ల ఖర్చు కలిపి లెక్క వేసుకోండి. బంధువుల ఇల్లు ఉంటే ముందే చెప్పి పెట్టుకోండి.

స్నేహితుడి బిబ్‌తో పరిగెత్తడం మహా పొరపాటు. పడిపోతే డాక్టర్లు చూసేది ఆ నంబరుతో ఉన్న వివరాలే. మీ ఇంటికి రావాల్సిన ఫోన్ వాళ్లింటికి వెళ్తుంది.

పీపుల్స్ ప్లాజాకు దగ్గర్లోని మెట్రో స్టేషన్ ఖైరతాబాద్. ఎల్బీనగర్‌లో బస్సు దిగినవాళ్లు అదే లైనులో రావచ్చు. ఆ ఆదివారం మెట్రో తెల్లవారుజామునే నడుస్తుందో లేదో ముందు రోజే చూసుకోవాలి.

ఫజర్, దుస్తులు

ఆగస్టు చివర్లో హైదరాబాద్‌లో సూర్యోదయం ఉదయం 6 గంటల ప్రాంతంలో. ఫుల్ మారథాన్ తెల్లవారకముందే మొదలవుతుంది కాబట్టి ఫజర్ వేళ స్టార్ట్ దగ్గరే గడుస్తుంది. వుజూ చేసుకునే బయల్దేరండి, బ్యాగులో పల్చటి జానమాజ్ పెట్టుకోండి. హిజాబ్‌తో పరిగెత్తే ఆడపిల్లలు చెమట త్వరగా ఆరే పల్చటి బట్ట ఎంచుకుని, అదే బట్టతో కనీసం మూడు నాలుగుసార్లు ప్రాక్టీస్ చేయాలి. పిన్నులు గుచ్చుకుంటాయి, కుట్టిన హిజాబ్ మేలు.

ప్రాణం మీదికి రాకుండా

2000 నుంచి 2010 దాకా అమెరికాలో మారథాన్, హాఫ్ పరిగెత్తిన 1.09 కోట్ల మందిని లెక్కిస్తే గుండె ఆగిన కేసులు 59. అంటే చాలా అరుదు. కానీ ఆ 59 మందిలో 42 మంది బతకలేదు. షుగర్, బీపీ, ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బు చరిత్ర ఉంటే డాక్టరును అడగకుండా పేరు ఇవ్వొద్దు. జ్వరం వచ్చి తగ్గిన వారంలో పరిగెత్తొద్దు.

నీళ్లు తక్కువైనా ప్రమాదమే, ఎక్కువైనా ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం తగ్గిపోయింది. అతిగా తాగడం అందులో పెద్ద కారణం. దాహాన్ని బట్టి తాగండి. పరుగుకు ముందు నొప్పి మాత్రలు వేసుకోవద్దు, కిడ్నీల మీద భారం పడుతుంది.

ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం వస్తే అక్కడే ఆగిపోవాలి. మెడల్ వచ్చే ఏడాది కూడా దొరుకుతుంది.

చూడటానికి వెళ్లేవాళ్లకు

- రోడ్లు మూసేస్తారు. కారు దూరంగా పెట్టండి, ట్రాఫిక్ పోలీసుల ప్రకటన ముందు రోజు చదవండి.
- పిల్లల చెయ్యి వదలొద్దు. పరుగుకు అడ్డంగా రోడ్డు దాటొద్దు.
- కలుసుకునే చోటు ముందే అనుకోండి. గుంపులో ఫోన్ కలవకపోవచ్చు.
- ఎవరైనా తూలుతూ, తిక్కతిక్కగా మాట్లాడుతుంటే అది ఎండదెబ్బ కావచ్చు. నీడకు తీసుకెళ్లి ఒంటి మీద నీళ్లు పోసి, దగ్గర్లోని వాలంటీర్‌ను పిలవండి, 108కి ఫోన్ చేయండి.
- పరిగెత్తి వచ్చినవాడి చేత బండి నడిపించొద్దు. తెల్లవారుజామున రెండు గంటలకు లేచినవాడికి హైవే మీద నిద్ర ముంచుకొస్తుంది.

ఖాలాకు నేను చెప్పింది ఇదే: "ఈ ఏడాది పదికి మార్చుకోమను. ముందు ఒకసారి డాక్టరుకు చూపించు. నువ్వు గచ్చిబౌలి దాకా రానక్కర్లేదు, రాత్రికి వాడికి పెందలాడే అన్నం పెట్టి పడుకోబెట్టు." తమ్ముడు రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత పదికే ఒప్పుకున్నాడు. హాఫ్ సంగతి వచ్చే ఏడాది, ఇన్షా అల్లాహ్.