సవాయి రోగమునకు శీఘ్ర రక్తపరీక్ష: ఫలితమును గ్రహింపవలసిన విధము

సిఫిలిస్ అనబడు సవాయి రోగము యొక్క క్రిమిని 1905లో షౌడిన్, హాఫ్‌మన్ అను జర్మను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మరుసటి సంవత్సరమే వాసర్‌మన్ రక్తపరీక్ష వెలువడినది. అప్పుడు ప్రయోగశాల, నిపుణుడు, కొన్ని దినముల వ్యవధి కావలసివచ్చెను. ఇప్పుడు వ్రేలికొన నుండి తీసిన రక్తపుబొట్టును పరీక్షాపట్టీపై నుంచి, పావుగంట మొదలు ఇరువది నిమిషములలో ఫలితమును చూడవచ్చును. ప్రయోగశాల లేని తాలూకాలకు ఇది గొప్ప సౌకర్యము. అయితే పట్టీపై కనబడు గీతను రోగముగాను, కనబడని గీతను ఆరోగ్యముగాను ఎంచుటవలన కలుగు కీడు సామాన్యమైనది కాదు.

పట్టీ క్రిమిని చూడదు. క్రిమితో పోరుటకు దేహము పుట్టించిన ప్రతిరక్షకములను మాత్రమే చూచును. అవి పుట్టుటకు కాలము పట్టును. సంపర్కమైన పిమ్మట 10 మొదలు 90 దినములలోపల, సాధారణముగా 21 దినములకు, నొప్పిలేని పుండు కనబడును. ప్రతిరక్షకములు తరచుగా దానికిని తరువాతనే తేలును. కావున భయపడి మూడవనాడే పరీక్ష చేయించుకొన్నవానికి గీత రాకపోయినంత మాత్రమున నిశ్చింత లేదు. అట్లే వారమునకొక పరీక్ష చొప్పున చేయించుకొనుచు నిద్రాహారములు మానువాడును గలడు. అట్టివానికి దినములు లెక్కించి చెప్పుట మందువంటిది: పుండుగాని దద్దురుగాని ఉన్నచో నేడే వైద్యునికి చూపవలెను, ఏమియు లేనిచో 90 దినములు నిండిన పిమ్మటి పరీక్షలోను గీత రానియెడల ఆ సంపర్కమును గూర్చిన చింత విడువవచ్చును.

గీత వచ్చినవాని సంగతి ఇంకను చిక్కైనది. ఈ ప్రతిరక్షకములు చికిత్స జరిగి రోగము కుదిరిన పిమ్మటను పెక్కుమందిలో జీవితాంతము నిలిచియుండును. పదియేండ్లక్రిందట పెనిసిలిన్ తీసికొని స్వస్థుడైనవానికిని నేడు గీత వచ్చును. ఈ సంగతి నెరుగనివారు దానిని క్రొత్త పాపముగా నెంతురు. భార్యాభర్తల నడుమ దీనివలన కలుగు అనుమానము ఏ సూదిమందుతోను తీరదు.

సూరతు జిల్లాలో తాపీనది ఒడ్డున గల కామ్‌రేజ్ వంటి తాలూకాలలో ఈ చిక్కు హెచ్చు. 48వ నెంబరు జాతీయ రహదారి ఈ తాలూకా మీదుగా పోవుచున్నది. చెరకు కోతకాలమున డాంగ్, ఖాందేశ్ ప్రాంతముల కూలీలు ఈ జిల్లాకు వత్తురు. సమీపముననే సూరతు నగరములో, లింబాయత్ మొదలగు పేటలయందు, తెలంగాణమునుండి పోయి మరమగ్గములపై బ్రతుకు పద్మశాలి కుటుంబములు గలవు. ఇట్టి కుటుంబములో గర్భిణికి గుజరాతులో పరీక్షయు చికిత్సయు జరిగి, ఆమె పురుడుకై పుట్టినింటికి పోయినప్పుడు చీటి వెంటలేనిచో, అచ్చట రెండవమారు గీత కనబడి, కుదిరిన రోగము క్రొత్తదిగా లెక్కకు వచ్చును.

దీనికి పరిష్కారము ఆర్.పి.ఆర్. అను రెండవ పరీక్ష. రక్తద్రవమును ఎన్ని రెట్లు పలుచన చేసినను చర్య కనబడుచున్నదో ఇది కొలుచును. 32 రెట్ల నుండి 8 రెట్లకు దిగినచో చికిత్స పనిచేసినదని తెలియును. ఇదియు నిర్దోషము కాదు: మలేరియా, కుష్ఠము, ఒక్కొక్కప్పుడు గర్భమే దీనిని తప్పుదారి పట్టించును. అందుచేతనే రెంటిని జోడించి చదువవలెను.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2006లో ప్రకటించిన లెక్కలప్రకారము ఈ పట్టీలు రోగము సోకినవారిలో నూటికి సుమారు 85 మొదలు 98 మందిని పట్టుకొనును. సోకనివారిలో 93 మొదలు 98 మందిని సరిగా విడిచిపెట్టును. ఈ అంకెలు మంచివే. అయినను ఎవరిని పరీక్షించితిమను దానినిబట్టి వీని అర్థము మారును. ఉదాహరణకు, పట్టీ 95 మందిని పట్టి 97 మందిని విడుచునదనుకొందము. 10,000 గర్భిణులలో 100 మందికే రోగమున్నచో, నిజముగా రోగము గల 95 మందికిని, రోగములేని 297 మందికిని గీత వచ్చును. అనగా గీత వచ్చిన నలుగురిలో ఒకరికే రోగము. అదే పట్టీని ప్రతి అయిదుగురిలో ఒకరికి రోగమున్న సమూహములో వాడినచో, గీత వచ్చిన పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి రోగమే.

ఇది చదివి, గర్భిణి విషయమునను రెండవ ఫలితమునకై వేచియుందమని ఏ అధికారియు నిశ్చయింపరాదు. చికిత్సలేని సవాయివలన గర్భస్రావము, మృతశిశు జననము, పుట్టిన బిడ్డకు రోగము కలుగుచున్నవి. మొదటి గీత చూచిన దినముననే బెంజథిన్ పెనిసిలిన్ 24 లక్షల యూనిట్లు ఇచ్చి, పిమ్మట రెండవ పరీక్ష చేయవలెను. రోగము ఎప్పటిదో తెలియనప్పుడు వారమున కొకటిగా మూడు మోతాదులు కావలెను. ప్రసవమునకు కనీసము 30 దినములు ముందుగా చికిత్స మొదలు కానిచో బిడ్డకు రక్షణ చాలదు. అనవసరముగా ఒక సూదిమందు పడుట చిన్నకీడు. తల్లి తిరిగి రాకపోవుట పెద్దకీడు. పెనిసిలిన్ పడనివారికై తగిన మందులు దగ్గర నుంచుకొనుట వైద్యుని విధి. భర్తకును పరీక్ష, చికిత్స జరుగవలెను. ఆ మాట అతనికి చెప్పునప్పుడు నేరము మోపు ధోరణి పనికిరాదు.

ఫలమానా వ్యక్తిని కొళాయివద్దకు రానీయరాదనియో, వసతిగృహమునుండి తొలగింపుమనియో అర్జీ వచ్చినచో త్రోసిపుచ్చవలెను. ఈ రోగము నీటివలన, పాత్రలవలన, మరుగుదొడ్లవలన అంటదు. ఫలితమును వరండాలో పేరుపెట్టి పిలిచి చెప్పు అలవాటు ఎచ్చటనున్నను నేడే మాన్పవలెను.

పట్టీల పెట్టెలను రేకుల కప్పుక్రింద ఉంచరాదు. సాధారణముగా 30 డిగ్రీలు మించిన వేడికి అవి చెడును. సరిచూపు గీత రాని పట్టీని లెక్కింపక పారవేయవలెను. నిర్ణీతకాలము దాటినపిమ్మట కనబడు గీతకు విలువ లేదు, కావున పరీక్షబల్లపై గడియారముండవలెను. రోగికిచ్చు చీటిలో పరీక్షతేది, పట్టీఫలితము, ఆర్.పి.ఆర్. రెట్లు, సూదిమందు తేదులు వ్రాసి, వలసపోవువారికి ఆ చీటి ఏ ఊరిలోనైనను చూపవలసినదని వారి భాషలోనే చెప్పవలెను.