ఫోర్డ్ వెళ్ళిపోయాక ఫిగో గతేమిటి?

మీకు ఫోర్డ్ కారుందని తెలిస్తే చాలు, ఎదుటివాళ్ళు జాలిపడతారు. "అయ్యో, కంపెనీ ఎత్తేశారు కదండీ, ఇంక పార్టులెక్కడ దొరుకుతాయి?" అంటారు. పాత కార్ల బేరగాళ్ళకూ ఈ మాటే పెట్టుబడి. ఆ భయంతో నిక్షేపంలాంటి ఎకోస్పోర్ట్‌ను అయినకాడికి అమ్ముకునేవాళ్ళను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

మన దేశం నుంచి ఫోర్డ్ వెళ్ళిపోవడం ఇది రెండోసారి. 1926లో మొదలుపెట్టిన కార్ల బిగింపును 1950లలో ఆపేసింది. 1995లో మహీంద్రాతో చేయి కలిపి తిరిగొచ్చింది. ఎస్కార్ట్, 1999లో ఐకాన్, 2010లో ఫిగో, 2013లో ఎకోస్పోర్ట్. నష్టాలు మోయలేక 2021 సెప్టెంబరు 9న ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సర్వీసు, విడిభాగాల సరఫరా మాత్రం కొనసాగుతాయని అప్పుడే చెప్పింది. చాలామంది చెవికి ఆ సగం ఎక్కలేదు.

అసలు కారు కంపెనీని పెళ్ళి వంటల మేస్త్రి అనుకోండి. వంట ఆయనదే. కానీ వంకాయలు ఆయన పండించలేదు, పెరుగు తోడుపెట్టలేదు, విస్తళ్ళు కుట్టలేదు. మేస్త్రి ఊరు వదిలిపోయినా పాలవాడు పాలు పోస్తూనే ఉంటాడు. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు, బేరింగులు, షాకబ్జార్బర్లు, ఫిల్టర్లు అన్నీ ఇలాంటి సరుకే. వాటిని చేసేది బయటి కంపెనీలు. ఎక్కువ భాగం తమ సొంత పేరుతో, సొంత డబ్బాల్లో ఆటోనగర్ దుకాణాలకూ పంపుతాయి. అరిగిపోయే వస్తువుకు రోడ్డు మీద బళ్ళున్నంత కాలం గిరాకీ ఉంటుంది కాబట్టి తయారీ ఆపరు.

మేస్త్రి తన చేత్తో కలుపుకునే పొడి ఒకటుంటుంది. అది ఇంకెక్కడా దొరకదు. డోరు రేకు, బంపరు, హెడ్‌లైటు, ఇంజను కంట్రోల్ యూనిట్ ఆ కోవలోవి. ఒక్కో మోడల్ డోరుకు ఒక్కో అచ్చు కావాలి. ఎడమవైపు టెయిల్ ల్యాంపు గుద్దుకున్నప్పుడే అవసరపడుతుంది, అందుకని దుకాణదారు నిల్వ పెట్టడు. యాక్సిడెంటయిన బండి వారాల తరబడి షెడ్డులో ఉండిపోయేది ఇక్కడే. భయపడితే దీనికే భయపడాలి.

ఇంజను సంగతి అంత కష్టం కాదు. 1.5 టీడీసీఐ డీజిల్ ఇంజను ఫోర్డ్, పెజో-సిట్రోయెన్ కలిసి చేసింది. విదేశాల్లో చాలా కార్లలో తిరుగుతోంది. అందులో క్రాంక్‌షాఫ్ట్ నుంచి క్యామ్‌షాఫ్ట్‌కు పళ్ళున్న రబ్బరు టైమింగ్ బెల్టు ఉంటుంది. అది తెగితే తెరుచుకుని ఉన్న వాల్వులను పిస్టన్లు వెళ్ళి గుద్దుతాయి, ఇంజను హెడ్డు విప్పాల్సిందే. రబ్బరుకు కిలోమీటర్లే కాదు, ఏళ్ళూ లెక్కే. తిరగని బండిలోనూ బెల్టు ముసలిదవుతుంది. బంపరుకు శనివారం శనివారం కొత్త నిమ్మకాయలు కట్టే మనిషి, గడువు దాటిన బెల్టును ఏళ్ళతరబడి అలాగే తిప్పుతాడు. నిమ్మకాయ వాల్వును కాపాడదు.

ఇంత గోల ఉన్నా ఓనర్లు ఈ కార్లను ఎందుకు వదలరంటే, నా మటుకు జవాబు స్టీరింగే. మొదటి ఫిగోలో హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్. శ్రీశైలం ఘాట్ మలుపులో తిప్పుతుంటే ముందు చక్రం గులకరాయి ఎక్కిన సంగతి అరచేతికి తెలుస్తుంది. తిప్పినంతే తిరుగుతుంది, తూలదు. ఆ ధరలో అంత చక్కగా కుదిరిన బండి మళ్ళీ నాకు తగల్లేదు.

కాబట్టి పాత ఫోర్డ్ కొనేవాళ్ళు ముందు టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు అడగండి. బాడీ రేకులు, లైట్లు చుట్టూ తిరిగి చూడండి. సొట్ట ఉంటే ఆ ముక్క పార్టు నంబరుతో డీలరు కౌంటర్లో దొరుకుతుందో లేదో కనుక్కున్నాకే బేరానికి కూర్చోండి.