నసీహత్‌లోని కుట్టుపని

అరబీలో ‘నసహ’ అనే ధాతువుకు బట్టను కుట్టడం అనే అర్థం కూడా ఉన్నది. దర్జీని ‘నాసిహ్’ అన్న వాడుక పాత నిఘంటువుల్లో కనిపిస్తుంది. ‘నసీహత్’ అనే మాట ఆ ధాతువు నుండి పుట్టినదే. ఉర్దూ నుండి తెలుగు చేసేటప్పుడు నేను దీన్ని అలవాటుగా ‘హితబోధ’ అని రాస్తూ వచ్చాను. బోధ అనగానే ఒకరు చెప్పడం, మరొకరు తల ఊపడం మనసులో మెదులుతాయి. సూదీ దారమూ గుర్తుకు రావు. ఈ తేడా నాకు పుల్లలచెరువులో మా చిచ్చా చక్కెర జబ్బు మూలంగా తెలిసివచ్చింది.

ఆయనను చూసే వైద్యుడు ఏటా రంజాన్‌కు ముందు ఒకటే మాట అనేవారు: “రోజాలు ఉండకూడదు. ఉంటే నా దగ్గరకు రావద్దు.” చిచ్చా “అలాగేనండీ” అని ఇంటికి వచ్చి, నెల పొడిచిన మరునాటి నుండి రోజా ఉండేవారు. ఉదయం వేసుకోవలసిన మాత్రను సహరీలో మింగేవారు. ఒకనాడు అస్ర్ నమాజు తరువాత ఒళ్ళంతా చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. వడదెబ్బ అనుకొన్నాం. రక్తంలో చక్కెర పడిపోయినందువల్ల అలా జరిగిందని ఆలస్యంగా తెలిసింది. తిట్లు తినే ఓపిక లేక వైద్యునికి చిచ్చా ఏమీ చెప్పలేదు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2001లో భారతదేశంతో సహా 13 దేశాల్లో 12,243 మంది మధుమేహ రోగులను పరిశీలించిన ‘ఎపిడయార్’ అధ్యయనంలో, రెండవ రకం రోగుల్లో సుమారు 79 శాతం మంది రంజాన్‌లో కనీసం 15 రోజులు ఉపవాసం ఉన్నట్లు తేలింది. ఆసుపత్రిలో చేర్చవలసినంతగా చక్కెర పడిపోవడం ఆ నెలలో వీరిలో ఏడున్నర రెట్లు పెరిగింది. వట్టి “వద్దు” అనే మాట ఎంతవరకు పనిచేస్తుందో పాఠకులే ఊహించవచ్చు.

విలియం మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త తాగుడుకు బానిసలైన వారితో ఎలా మాట్లాడాలో 1983లో ఒక వ్యాసం రాశారు. 1991లో స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి దాన్ని గ్రంథంగా విస్తరించారు. ఆ పద్ధతి పేరు మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్. ఇంటర్వ్యూ అంటే మనకు ఉద్యోగమే గుర్తుకు వస్తుంది గనుక ‘ప్రేరణ సంభాషణ’ అందాం. మారాలన్న మనసూ, మారలేనన్న మనసూ రెండూ రోగిలోనే ఉంటాయి. వైద్యుడు మొదటి దాని పక్షాన వాదిస్తే రోగి రెండవ దానికి వకీలవుతాడు; వాదించిన కొద్దీ తన మాటకు తానే కట్టుబడతాడు. అందుచేత మారవలసిన కారణాలు రోగి నోటి నుండే రావాలి.

మరుసటి ఏడు షాబాన్ నెలలో బి.పి. చూడడానికి ఒక నర్సమ్మ ఇంటికి వచ్చింది. “సాయిబుగారూ, రోజా అంటే మీకు అంత పట్టుదల ఎందుకండీ?” అని అడిగింది. చిచ్చా చాలాసేపు చెప్పారు. ఆమె అడ్డు రాలేదు. “అందరితో దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోకపోతే ఇంట్లో లెక్కలో లేనట్టు ఉంటుంది, అంతేనా?” అని ఆయన మాటనే ఆయనకు అప్పజెప్పింది. తరువాత నిరుడు ఇబ్బందేమైనా అయిందా అని అడిగింది. వణుకు సంగతి అప్పుడు బయటపడింది.

“భయమేసిందా?”

“వేసిందమ్మా. మనవడు ఒళ్ళో ఉన్నాడు. వాణ్ణి ఎక్కడ పడేస్తానో అని.”

“అలా మళ్ళీ కాకుండా ఒక దారి ఉంది, చెప్పమంటారా?”

ఆయన చెప్పమన్నాకే చెప్పింది: మాత్రల వేళ, మోతాదు రంజాన్‌కు ముందే వైద్యుని చేత మార్పించుకోవాలి, పగలు వేలికొస రక్తం పరీక్షించుకోవాలి, చక్కెర 70 కన్నా తగ్గినా, 300 దాటినా వెంటనే రోజా విరమించాలి. (ఈ పరీక్షతో రోజా భంగం కాదన్నది ఉలమాల్లో విస్తారంగా ఉన్న అభిప్రాయం.) “ఇది చేయగలనన్న ధైర్యం రూపాయికి ఎన్నణాలు?” అంది. “ఎనిమిదణాలు.” “నాలుగణాలే ఎందుకు కాలేదు?” ఎనిమిదే ఎందుకని అడిగితే సాకులు వచ్చేవి. ఇలా అడిగేసరికి “మిషన్‌తో చూడడం కోడలికి వచ్చు” అన్నారు. చివరకు, ఇంట్లోవాళ్ళకు ఏం చెబుతారో ఒకసారి తనకు చెప్పమంది. ఆయన మాత్ర పూర్తిగా మానేయాలని చెప్పారు! ఆ ఒక్క ప్రశ్న అడగకపోయి ఉంటే ఏమయ్యేదో. ఆమె సరిదిద్దింది.

బ్రిటన్‌లో 111 మందిపై జరిగిన ‘రీడ్’ అధ్యయనం 2010లో వెలువడింది. రంజాన్‌కు ముందు ఇటువంటి శిక్షణ పొందినవారిలో చక్కెర పడిపోయిన ఘటనలు 9 నుండి 5కు తగ్గగా, పొందనివారిలో 9 నుండి 36కు పెరిగాయి.

రోగికి ఇచ్చిన సడలింపు సూరా బఖరా 184, 185 ఆయతుల్లో స్పష్టంగా ఉన్నది. దాన్ని వైద్యునికన్నా ఇమాము చెబితే మనసుకు ఎక్కుతుంది. మాత్రల మోతాదు జోలికి మాత్రం ఇమాము పోరాదు.

మాటకూ ఒక హద్దున్నది. నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోయే వ్యాధిని నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించి 1937లోనే ప్రకటించారు. ఆనాటి ఆ జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి మనకు పొరుగు ప్రాంతాలే. వేరే నీళ్ళు దొరకని మనిషికి “ఆ నీళ్ళు తాగకండి” అని ఎంత మృదువుగా చెప్పినా ఏమి లాభం? చిచ్చా ఇంట్లో మిషన్ ఉన్నది, కోడలు ఉన్నది.

ఆ రంజాన్‌లో ఆయన రెండు రోజాలు మధ్యలో విరమించారు. రెండవసారి కోడలిని పిలిచి మిషన్ తెమ్మన్నది ఆయనే.